నిబ్బరంలో ఎవరూ పడలేదు

పతనానికి నిర్వచనం రాసింది నేనే. ఎవరో రాస్తే నేను ఊరికే చూశానని తప్పించుకునే రకాన్ని కాను. ముప్పై నాలుగేళ్ళు కలెక్టరాఫీసులో ఫైళ్ళ మధ్య బతికినవాణ్ణి. పని జరిగితే పేరు పైవాడికీ, జరగకపోతే తప్పు కిందివాడికీ చేరేలా వాక్యం కట్టడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని చెప్పుకునేవారు. చెప్పుకునేవారంటే, ముఖ్యంగా నేనే.

పేరు ముక్కామల విశ్వపతి. రిటైర్డ్ సూపరింటెండెంట్. డెబ్భై ఎనిమిదేళ్ళు. కాకినాడ ఊరి చివర 'నిబ్బరం' అనే వృద్ధుల నిలయంలో రెండేళ్ళుగా ఉంటున్నాను. ఇరవై ఇద్దరం ఉంటాం. తిండికి వంక పెట్టను, పులుసులో ముక్కలు వెతుక్కోవాలి గాని దొరుకుతాయి. ఇబ్బందల్లా నేలతోనే. బాత్రూముల్లోనూ వరండాలోనూ వేసిన పలకలు ఎవరిదో కల్యాణమంటపం కట్టగా మిగిలినవట. నున్నగా మెరుస్తుంటాయి. వంగితే ముఖం కనిపిస్తుంది, ముఖం చూసుకునేలోగా కాలు జారుతుంది. బాత్రూముల్లో పట్టుకోవడానికి గోడకి కడ్డీలు వేయించండి మహాప్రభో అని అందరి తరఫునా నేనే రెండు అర్జీలు రాశాను. రెండింటికీ 'పరిశీలనలో ఉన్నది' అని జవాబొచ్చింది. ఆ మాటకి అర్థం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, నా సర్వీసంతా దాన్నే రాశాను.

అలాంటి రోజుల్లో ఒక సర్క్యులర్ వచ్చింది. పంపింది జిల్లా వయోవృద్ధుల సంరక్షణ నాణ్యతా మండలి. ఏ నిలయంలో తొంభై రోజులపాటు ఒక్క పతనమైనా నమోదు కాదో ఆ నిలయానికి ఐదు నక్షత్రాల హోదా ఇస్తారట. 'జరగదో' అని లేదు, 'నమోదు కాదో' అని ఉంది. ఆ ముక్క రాసినవాడెవడో గాని చదువుకున్నవాడు.

సర్క్యులర్ పట్టుకుని మా మేనేజర్ ఫణీంద్ర నా గదికి వచ్చాడు. ముప్పై రెండేళ్ళవాడు, మేనేజ్‌మెంట్ చదివాడు, ఎప్పుడూ ఇస్త్రీ చెదరదు. చేతిలో నాకోసం ఫిల్టర్ కాఫీ. రెండేళ్ళలో అతను నాకు కాఫీ తేవడం అదే మొదలు.

"సార్, మనం జీరో ఫాల్ మిషన్‌లోకి వెళ్తున్నాం. మీలాంటి డ్రాఫ్టింగ్ బ్రెయిన్ మన దగ్గర పెట్టుకుని బయటివాళ్ళని అడగడం ఏం బావుంటుంది? అసలు పతనం అంటే ఏంటో మీరే డిఫైన్ చెయ్యాలి సార్."

పొగిడితే పొంగిపోయే వయసు దాటేశాననుకున్నాను. దాటలేదు. రెండేళ్ళుగా నన్ను ఎవరూ ఏదీ రాయమనలేదు, చెయ్యి దురదగా ఉంది. కాఫీ చల్లారేలోగా రాసిచ్చాను.

'పతనము అనగా: నివాసి నిలుచున్న స్థితిలో ఉండి, తన ఇచ్ఛకు విరుద్ధముగా నేలను చేరుట.'

"బ్యూటిఫుల్ సార్!" అన్నాడు ఫణీంద్ర.

"నిర్వచనానికి తలుపులెక్కువ ఉండాలోయ్. దేనిలోంచైనా బయటపడొచ్చు. సరే, మరి ఆ కడ్డీల సంగతి?"

"కడ్డీలు పెడితే ఇక్కడ పడే అవకాశం ఉందని మనమే ఒప్పుకున్నట్టవుతుంది కదా సార్."

నాకది సబబుగానే తోచింది. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది. అయినా తోచినది తోచినట్టే రాస్తున్నాను.

మర్నాటి నుంచి మిషన్ మొదలు. పతన నివారణ కమిటీకి అధ్యక్షుడు ఫణీంద్ర, సలహాదారు నేను. మొదటి సమావేశంలోనే ఒక మహాసత్యం బయటపడింది. నిలబడ్డవాడే పడతాడు, కాబట్టి జబ్బుకి మూలం నిలబడటం. కడ్డీల కోసమని దాచిన డబ్బుతో చక్రాల కుర్చీలు దిగాయి. నిలబడదలచినవాళ్ళు ముందురోజే అనుమతి పత్రం నింపాలి. నిలబడుటకు కారణం, నిలబడు వ్యవధి, నిలబడి చూచు దిక్కు, అన్నీ రాయాలి. ఇద్దరు సహాయకులు చెరోవైపు ఉండి సంతకం పెట్టాలి. నిబ్బరంలో ఉన్న సహాయకురాలు నూకరత్నం ఒక్కతే. అందుకని ఆవిడ ఎడమవైపొకటీ కుడివైపొకటీ పెట్టేది.

"ఏటండీ తాతగారూ ఈ గోల? ఆళ్ళని లేపడం తేలిక గానండి, ఈ కాయితాలు నింపలేక నా నడుం పడిపోతంది," అంది ఒకరోజు.

"నడుం పడిపోతే అది నివాసి పతనం కిందకి రాదులే," అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఈ ఏర్పాటుకి ఎదురు తిరిగింది ఒక్క మనిషి. నా పక్క గది పితాని మార్తమ్మ. డెబ్భై ఆరేళ్ళు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేసింది. ముప్పై ఒక్క ఏళ్ళు టీకాల పెట్టె భుజాన వేసుకుని గట్ల మీద, బురదలో, ఊరూరూ నడిచిన మనిషి. కిందటేడు తుంటి ఎముక విరిగితే లోపల ఇనప కడ్డీ వేశారు. రోజూ నడవాలి, నెల్లాళ్ళు మానేస్తే ఇక కాళ్ళమీద ఆశ వదులుకోవాలి అని డాక్టరు చెప్పి పంపించాడు. అప్పట్నించీ పొద్దున్నా సాయంత్రం వరండాలో ఇరవయ్యేసి చుట్లు తిరిగేది. తిరుగుతూ నా గుమ్మం దగ్గర ఆగి, "సూపరింటెండెంటుగారూ, ఆవకాయ మళ్ళీ వేసుకున్నారా? కాళ్ళు చూడండి ఎలా ఉబ్బాయో," అని తిట్టేది. నా పిల్లలు కూడా నన్నంత శ్రద్ధగా తిట్టలేదు. ఆవిడ తిట్టకపోతే నాకు ఆ పూట తిన్నది అరిగేది కాదు.

ఇప్పుడావిడకి రోజుకి ఎనిమిది నిమిషాలు నిలబడే అనుమతి వస్తోంది. అదీ నూకరత్నానికి ఖాళీ ఉంటే.

"ఎనిమిది నిమిషాల్లో ఏం నడుస్తానండీ? బూజు దులపడానికి కూడా చాలదు," అంది నాతో.

"నిబంధన కదమ్మా. అందరికీ ఒకటే."

"ఎవరు రాశారో గాని, వాడి కాళ్ళు చల్లగా ఉండా."

నేను కిటికీలోంచి కొబ్బరిచెట్టు వంక చూశాను.

పంతొమ్మిదో రోజున కమిటీకి మొదటి పరీక్ష వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ దంతులూరి భద్రరాజుగారు కింద పడ్డ కళ్ళజోడు కోసం వంగి, కుర్చీలోంచి బోర్లా పడ్డారు. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. అత్యవసర సమావేశం పెట్టారు. ఫణీంద్ర ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అయిపోయింది సార్. పంతొమ్మిది రోజుల కష్టం!"

నేను గొంతు సవరించుకున్నాను. "రాజుగారు నిలుచున్న స్థితిలో ఉన్నారా?"

"లేదు సార్, కూర్చుని..."

"కూర్చున్నవాడు పడడు. నిర్వచనం ఒప్పుకోదు. దీన్ని స్థానచలనం అనాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. రాజుగారు కూడా కొట్టారు, దేనికో ఆయనకి తెలియదు పాపం. రిజిస్టర్లో 'స్థానచలనం ఒకటి, ఫలితంగా నుదుట స్వల్ప ఔన్నత్యం' అని రాశాం. ఆ బొప్పికి ఐసు పెట్టాలంటే కారణం రాయాలి, కారణం రాస్తే కూపీ లాగుతారు. చివరికి మార్తమ్మ వంటింట్లోకి కుర్చీ తోసుకెళ్ళి మజ్జిగలోకని చెప్పి ఐసు తెచ్చింది. రాజుగారి నుదుటికి అద్దుతూ నావైపు ఒక చూపు చూసింది. ఆ నిర్వచనం ఎవరిదో ఆవిడకి తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

నలభయ్యో రోజున మండలి నుంచి నాణ్యతాధికారి శ్రీ చిదంబరరావుగారు మధ్యంతర పరిశీలనకి వేంచేశారు. మనిషి పొట్టిగా ఉంటారు, మాట మాత్రం పొడుగు. హాల్లో ఇరవై ఇద్దరం కుర్చీల్లో వరసగా కూర్చుని ఉండటం చూసి పరవశించిపోయారు.

"పతన నివారణ అన్నది కేవలం ఒక కార్యక్రమం కాదు. అదొక దృక్పథం. సదరు దృక్పథం ఈ నిలయం నందు కొట్టొచ్చినట్టు కానవచ్చుచున్నది," అన్నారు. ఆ తర్వాత గదుల్లోకి వెళ్ళి టేపుతో మంచాలు కొలిచారు.

"ఈ మంచం నేల నుంచి పద్దెనిమిది అంగుళాల ఎత్తున ఉన్నది. అనగా ప్రతి నివాసీ ప్రతి రాత్రీ పద్దెనిమిది అంగుళాల పతన సంభావ్యతపై శయనించుచున్నాడు. ఇది ఉపేక్షింపదగినది కాదు."

వారం తిరక్కుండా వడ్రంగి వచ్చి మంచాలన్నిటికీ కాళ్ళు కోసేశాడు. మా కాళ్ళ పని ముందే అయిపోయింది కాబట్టి మంచాలకీ మాకూ తేడా లేకుండా పోయింది. నేలకి నాలుగంగుళాల ఎత్తులో పడుకుంటే కింద పడే ప్రసక్తే లేదు, నిజమే. పైకి లేచే ప్రసక్తి కూడా లేదు. పొద్దున్నే నూకరత్నం గదిగదికీ వచ్చి, చంకల కింద చేతులేసి ఒక్కొక్కర్నీ బావిలోంచి చేదినట్టు చేదేది. ఇరవై రెండో మనిషిని లేపేసరికి మధ్యాహ్నం భోజనం వేళయ్యేది, మొదట లేచినవాడికి మళ్ళీ నిద్రొచ్చేది.

చిదంబరరావుగారు వెళ్తూ వెళ్తూ ఇంకో కాయితం ఇచ్చి వెళ్ళారు. తుది పరిశీలన రోజున నివాసులందరికీ చలన సామర్థ్య పరీక్ష ఉంటుంది. ఎవరి సాయం లేకుండా ఇరవై అడుగులు వేయలేనివారిని 'శయ్యాగతులు' అని వర్గీకరించి బి-బ్లాకుకి తరలించాలి.

బి-బ్లాకు అంటే వెనకాల ఉన్న రేకుల షెడ్డు. తలుపు గడియ బయటినుంచి ఉంటుంది. కిటికీ తీస్తే ప్రహరీగోడ కనిపిస్తుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఐదుగురు. తిరిగొచ్చినవాళ్ళు లేరు. వాళ్ళ గురించి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడరు.

అంటే నడవకూడదు, పడతారు కాబట్టి. నడవలేకపోతే షెడ్డు. రెండు కాయితాల మీదా సంతకం ఒక్కరిదే. అలాంటి ఉత్తర్వులు నా సర్వీసులో నేనెన్నో పంపించాను, కింది ఊళ్ళో ఎవరో చదువుకుని ఏడ్చి ఉంటారు. నాకు వినిపించలేదు.

ఈసారి వినిపించింది. అరవయ్యో రోజు సాయంత్రం పక్క గదిలో ఏదో చప్పుడైతే కుర్చీ తోసుకుని వెళ్ళాను. మార్తమ్మ కిటికీ ఊచ పట్టుకుని మంచం మీంచి లేవబోతోంది. మోకాళ్ళు గజగజా వణుకుతున్నాయి. లేచి ఒక అడుగు వేసింది, రెండో అడుగు పడలేదు. అలాగే గోడకి ఆనుకుని కూలబడింది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. ఏడుపు కాదది, కోపం.

"ముప్పై ఒక్క ఏళ్ళు నడిచానండీ. వాగు పొంగినా నడిచాను, కడుపుతో ఉండి నడిచాను. నన్ను కాయితంతో కూర్చోబెట్టారు. బాగా రాశారు సూపరింటెండెంటుగారూ, తప్పుల్లేకుండా రాశారు."

నాకు సిగ్గేసింది. రిటైరయ్యాక కాదు, పుట్టాక అంత సిగ్గు పడి ఎరగను. నా గదికి వచ్చి, తలుపేసుకుని, నా నిర్వచనాన్ని నేనే ఎదట పెట్టుకుని కూర్చున్నాను. శత్రువు రాసిన ఫైలు చదివినట్టు చదివాను. అంతలో దొరికింది.

'తన ఇచ్ఛకు విరుద్ధముగా.'

మర్నాడు పొద్దున్నే ఫణీంద్ర బల్ల మీద 'స్వచ్ఛంద అవరోహణ పత్రం' పెట్టాను. 'ఈ రోజు నేను ఏ సమయమున, ఏ ప్రదేశమున నేలను చేరినను, అది ఎవరి ప్రోద్బలమూ లేక నా పూర్తి ఇష్టపూర్వకముగా చేరినట్లు ఇందుమూలముగా ముందస్తుగా తెలియజేసుకొనుచున్నాను. ఇట్లు...' కింద సంతకానికి ఖాళీ. రోజుకొక పత్రం, మనిషికొక పత్రం.

ఫణీంద్ర రెండుసార్లు చదివాడు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"సార్... అంటే ఇంక ఎవ్వరూ పడలేరు!"

"పడలేరు. కావాలని ప్రయత్నించినా పడలేరు."

"మరి ఈ నిలబడే పర్మిషన్లు?"

"ఎందుకోయ్ ఇంకా? తిరగనీ అందర్నీ."

అలా నిబ్బరంలో మళ్ళీ అడుగుల చప్పుడు వినిపించింది. వారంలో నాలుగు అవరోహణలు నమోదయ్యాయి. భద్రరాజుగారు వంటింటి గుమ్మం దగ్గర ఇష్టపూర్వకంగా అవరోహించి, ముందు పన్ను ఒకటి ఇష్టపూర్వకంగా పోగొట్టుకున్నారు. లేపడానికి నూకరత్నం పరిగెత్తబోతే ఫణీంద్ర ఆపాడు.

"ఇష్టపడి దిగినవాళ్ళు ఇష్టపడి లేస్తారమ్మా. నువ్వు లేపితే అదేదో యాక్సిడెంట్‌లా కనిపిస్తుంది. నువ్వు ఫ్లోరింగ్ పాలిష్ మీద కాన్సంట్రేట్ చెయ్యి."

నూకరత్నం నా దగ్గరికొచ్చి, "ఇదేం నాయమండీ తాతగారూ? మనిషి పడుంటే పక్కనించి తుడుసుకుంటా పొమ్మంటారేటండి?" అంది. నా తెలివికి నేనే మురుస్తూ ఉన్నాను గదా, ఆ మాట సరిగా చెవికెక్కించుకోలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఎవరి కోసం ఆ పత్రం పుట్టించానో ఆ మనిషి సంతకం పెట్టనంది.

"పడితే పడ్డానంటాను. పడకముందే ఇష్టమని రాసివ్వడమేంటండీ? ముప్పై ఏళ్ళు రిజిస్టర్లు రాశాను. వెయ్యని టీకా వేసినట్టు ఒక్కటి రాయలేదు. వెళ్ళి చూసుకోండి, ఒక్కటి!"

"సంతకం లేకపోతే నడవనివ్వరమ్మా. నెల్లాళ్ళలో పరీక్ష. బి-బ్లాకు..."

"తెలుసు," అంది, అటు తిరిగిపోయింది.

ఇక్కడ మా కార్యాలయాల పద్ధతి ఒకటి చెప్పాలి. కలెక్టరు ఊళ్ళో లేకపోతే 'కలెక్టరు తరఫున' అని కింద సూపరింటెండెంట్ సంతకం పెట్టేస్తాడు. ఉన్నా పెట్టేస్తాడు. నలుగురు కలెక్టర్ల తరఫున వేల కాయితాల మీద పెట్టాను, ఏ ఒక్కరూ ఇదేమిటయ్యా అనలేదు. ఇంకొకరి తరఫున మంచి చేయడానికి వాళ్ళని అడగాలన్న సంగతి ఆ వృత్తిలో నాకు తగల్లేదు. మార్తమ్మ పత్రం తీసుకుని ఆవిడ తరఫున సంతకం పెట్టాను. 'తరఫున' అని రాయడానికి గడిలో చోటు లేదు కాబట్టి 'పి. మార్తమ్మ' అని మాత్రం రాశాను. మర్నాడూ రాశాను. ఇరవై తొమ్మిది రోజులు రాశాను.

ఆవిడ మాత్రం డాక్టరు చీటీ చూసి మేనేజరే మెత్తబడ్డాడనుకుంది. నేను కాదనలేదు. "ఇవాళ ఆరడుగులు!" అనేది గుమ్మం దగ్గర ఆగి. "ఇవాళ పదకొండు సూపరింటెండెంటుగారూ, మధ్యలో గోడ పట్టుకోలేదు!" ముఖం కడిగిన పళ్ళెంలా ఉండేది. ఆవకాయ గురించి మళ్ళీ తిట్టడం మొదలెట్టింది. నేను సంతోషంగా విని, తలుపేసుకుని మర్నాటి పత్రం రాసేవాణ్ణి.

తొంభయ్యో రోజు వచ్చింది. ముందురోజంతా ఫణీంద్ర దగ్గరుండి నూకరత్నం చేత వరండా పాలిష్ పెట్టించాడు. "చిదంబరరావుగారి బూట్లు కనపడాలి అందులో," అన్నాడు. కనపడ్డాయి. ఆయన నడుస్తుంటే ఇద్దరు చిదంబరరావులు పాదాలు పాదాలు ఆనించుకుని నడుస్తున్నట్టుంది. మమ్మల్ని గోడవారగా కూర్చోబెట్టారు. మధ్యలో సుద్దముక్కతో ఇరవై గీతలు గీశారు. ఒక్కొక్కరే నడవాలి.

పదముగ్గురు గట్టెక్కారు. ముగ్గురు గట్టెక్కలేదు. వాళ్ళ పేర్ల పక్కన చిదంబరరావుగారు వేరే రంగు సిరాతో 'శయ్యాగతుడు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు.

పదిహేడో పేరు పితాని మార్తమ్మ. తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని లేచి నిలబడింది. నేను లోపలే లెక్కపెడుతున్నాను. ఐదు. పది. పద్నాలుగు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది. పదిహేడు. పద్దెనిమిదో అడుగు ఆ పాలిష్ మీద వేసింది. కాలు ముందుకి పోయింది, మనిషి వెనక్కి పోయింది. చెయ్యి ఆనించబోయింది. టప్పుమని చప్పుడు వినిపించింది.

మొదట ఫణీంద్ర చప్పట్లు కొట్టాడు.

"స్వచ్ఛంద అవరోహణ సార్! లైవ్!"

అలవాటుకొద్దీ అందరూ కొట్టారు. చిదంబరరావుగారు ఫైలు అడిగారు. ఆ రోజు తారీఖుతో పత్రం ఉంది, కింద సంతకం ఉంది. ఆయన ముఖం వికసించింది.

"ఇంతటి పకడ్బందీ పత్రీకరణ నా ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చూసి ఉండలేదు. మండలి పక్షాన అభినందనలు."

నూకరత్నం తుడుపుకర్ర పారేసి ముందుకొచ్చింది. ఫణీంద్ర చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆవిడ లేవాలనుకున్నప్పుడు లేస్తారు."

"పడ్డాను," అంది మార్తమ్మ కిందనుంచి. నొప్పికి గొంతు సన్నబడిపోయింది, మాట మాత్రం స్పష్టంగా ఉంది. "పడ్డానయ్యా. రాసుకోండి."

చిదంబరరావుగారు కాస్త వంగారు. "అమ్మా, తమ మౌఖిక వాంగ్మూలం తమ లిఖితపూర్వక వాంగ్మూలంతో విభేదించుచున్నది. అట్టి సందర్భములలో లిఖితపూర్వకమే చెల్లుబాటగును."

"నేనేం రాసివ్వలేదే!"

"తమ సంతకమున్నది."

ఫణీంద్ర నావైపు చూస్తున్నాడు. వాడికి తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. "సార్, మీరు కూర్చోండి," అన్నాడు చాలా మర్యాదగా. "మీ రూము విషయం కూడా ఆలోచించుకోవాలి కదా."

లేచాను. "ఆ సంతకం నాది," అన్నాను.

"సంతకం ఎవరిదైననూ పత్రం సక్రమముగా..." అని మొదలెట్టారు చిదంబరరావుగారు. ఆయన చేతిలోంచి కలం లాక్కుని, ఆయన ఫైలు అట్ట మీదే 'పి. మార్తమ్మ' అని రాసి పక్కన పెట్టాను. చుక్కతో సహా ఒకటే. "కావాలంటే ఇరవై తొమ్మిది రోజులవీ చూసుకోండి. ఆవిడ ఒక్కటీ పెట్టలేదు. పెట్టనని నా మొహం మీదే చెప్పింది. నేను దొంగతనంగా పెట్టాను."

"అనగా ఇది ఫోర్జరీ."

"అవును."

"ఫోర్జరీ పత్రం చెల్లదు."

"చెల్లదు."

"చెల్లనిచో ఈమె..." ఆయన ఆగిపోయారు. 'పడింది' అన్న మాట ఆయన నోట ఇన్నాళ్ళూ కాయితాల గురించే వచ్చింది గాని, కళ్ళెదుట ఉన్న మనిషి గురించి రాలేదు.

"పడిందండీ బాబూ!" అని అరిచింది నూకరత్నం. "పడిపోయిందండి! కళ్ళు కనపట్టంలేదా?" ఫణీంద్ర చెయ్యి విదిలించేసి వెళ్ళి నేల మీద కూర్చుని, మార్తమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది.

నేనూ వెళ్ళి కూర్చున్నాను. మార్తమ్మ నావైపు చూసింది.

"నా పేరు మీరు రాశారా?"

"రాశాను."

"సిగ్గులేదూ?"

"ఇప్పుడొచ్చిందమ్మా."

కళ్ళు మూసుకుని కాలివేళ్ళు కదిపింది. మోకాలు మడిచింది. నర్సు కదా, తనకి తనే పరీక్ష చేసుకుంది. "తుంటి బావుంది. చెయ్యి విరిగింది," అంది నూకరత్నంతో, ఎవరి సంగతో చెబుతున్నట్టు. నూకరత్నం తన పైట చింపి, తుడుపుకర్ర విరగ్గొట్టి చెయ్యి కట్టింది. "ఓ పక్క పైకి, ఆ... అక్కడ ముడెయ్యి," అని మార్తమ్మే చెబుతోంది.

చిదంబరరావుగారు నిలబడే రిజిస్టర్లో రాసుకున్నారు. పతనములు: 1. ఫణీంద్ర నాతో, సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యాలనీ, పోలీసు కంప్లయింట్ సంగతి ట్రస్టీలు చూసుకుంటారనీ చెప్పాడు. సరేనన్నాను. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి అధికారిగారి కారు మెట్ల దగ్గరికి తెప్పించారు.

"మరొక విషయము," అన్నారు చిదంబరరావుగారు కాయితం తిరగేస్తూ. "చలన పరీక్షలో వీరు పద్దెనిమిది అడుగులు మాత్రమే వేసియున్నారు. పరీక్ష అసంపూర్తి. నిబంధన ప్రకారం చికిత్సానంతరం వీరిని బి-బ్లాకునకు..."

"ఉండవయ్యా," అంది మార్తమ్మ.

మేమిద్దరం చెరో పక్కా పట్టుకుని లేపాం. నిలబడ్డాక, "వదలండి," అంది. నూకరత్నం వదల్లేదు. "వదలవే, ఎవరి సాయం లేకుండా అని ఉంది కాయితంలో." వదిలాం. పెదవి పంటితో నొక్కిపెట్టి, విరిగిన చెయ్యి గుండెకి ఆనించుకుని, ఒక గీత దాటింది. నిలబడింది. గోడవారగా కూర్చున్నవాళ్ళలో ఎవరో 'జాగ్రత్తమ్మా' అన్నారు. ఇంకో గీత దాటింది.

"ఇరవై," అంది. "రాసుకో."

చిదంబరరావుగారు రాసుకున్నారు. నేను ఆయన భుజం మీంచి తొంగిచూసి, అంకె సరిగ్గా వేశారో లేదో చూశాను.